ఏడో తల్లి మొహం

“‘పొలం పని కంటే ఆ రాళ్ల ఆటే మీకు ఎక్కువైంది కదా, ఇవాళ ఆ రాళ్లే తినండి’ అన్నది ఎవరవ్వా? తల్లే కదా! ఆకలితో ఇంటికొచ్చిన పిల్లాడి ముందు ఉడకబెట్టిన రాళ్లు పెట్టింది తల్లే కదా! అలాంటి మనిషికి చందమామ లాంటి మొహం గియ్యమంటే నేనెక్కణ్ణించి తేను?”

డెల్లా అరుపుకి పొయ్యి పక్కన పడుకున్న కుక్క లేచి, ఓసారి ఇద్దరినీ చూసి, బయటికి పోయింది.

ఏగీ అవ్వ మాత్రం తలెత్తలేదు. ఒళ్లో వెదురు బద్ద, చేతిలో చాకు. సర్రు సర్రున గీరుతూనే ఉంది.

“చందమామని ఎవరు గియ్యమన్నారే? తల్లి మొహం గియ్యమన్నా.”

“గీశాగా!”

“ఇది తల్లి మొహం కాదు. మీ అమ్మ మొహం.”

డెల్లా తన బొమ్మ వైపు చూసింది.

బొమ్మ బల్ల మీద ఉంది. చేతిలో కర్ర పట్టుకున్న ఆడమనిషి. బిగుసుకున్న దవడ, మొండితనంతో మెరిసే కళ్లు, ఒక పక్కకి లాక్కుపోయిన పెదవి. ఊళ్లో ఎవరికి చూపించినా ‘అరే, ఆర్లీన్!’ అనేస్తారు. అంత బాగా కుదిరింది. పగతో గీసిన బొమ్మలు బాగానే కుదురుతాయి, అదే వాటితో వచ్చిన చిక్కు.

ఈ ఊరు మన వైపుది కాదు. అమెరికాలో పొగమంచు పట్టుకుని వేలాడే కొండలు కొన్ని ఉన్నాయి. ఆ కొండల్లో చెరొకీలు ఉంటారు. తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఆ నేల వాళ్లది. ఒకప్పుడు సైన్యం వచ్చి అందర్నీ తరిమేస్తే, పోకుండా కొండల్లో నక్కి మిగిలినవాళ్లున్నారు. ఏగీ అవ్వా, డెల్లా ఆ మిగిలినవాళ్ల సంతతే. అవ్వ ఏటి వెదురుతో బుట్టలల్లుతుంది. బుట్టలు ఎవరైనా అల్లుతారు, అవ్వ దగ్గరికి జనం వచ్చేది కథల కోసం.

డెల్లా కూడా అలాగే వచ్చింది. “నువ్వు కథలు చెప్పు, నేను బొమ్మలు గీస్తా. మన పిల్లలకి మన భాషలో బొమ్మల పుస్తకాలు లేవు” అంది. బొమ్మలు నేర్పే కాలేజీలో చదివొచ్చిన పిల్ల. మాటలో కాస్త ఆ పొగరు ఉంది. అవ్వ ఆమె చేతిలో చాకు పెట్టింది. “ముందు బద్ద గీరు.” ఆ చలికాలమంతా గీరుడే. ఒక్క కథ చెప్పలేదు. రెండో చలికాలం చెప్పింది, అదీ గీరుతూ వినాలి. చేతులు ఊరికే ఉంటే చెవులు మోసం చేస్తాయని అవ్వ లెక్క.

అలా వచ్చిన కథే ఇది. పుస్తకం దాదాపు అయిపోయింది. బడిలో పిల్లలు ఎదురుచూస్తున్నారు. అచ్చువేసేవాళ్లు ఈ నెలాఖరుకి ఇచ్చెయ్యమన్నారు. మిగిలింది ఒక్క బొమ్మ, ఆఖరిది.

కథేంటో చెప్పకపోతే మీకు ఈ గొడవ అర్థం కాదు.

ఏడుగురు కుర్రాళ్లు. పొద్దస్తమానం ఒకటే ఆట. గుండ్రటి రాయిని నేల మీద దొర్లించడం, దాని వెనకాలే కర్ర విసరడం. పొలంలో మొక్కజొన్న ఎండిపోతున్నా పట్టదు. తల్లులు తిట్టారు, బతిమాలారు, మళ్లీ తిట్టారు. వినలేదు. ఓ రోజు తల్లులంతా కూడబలుక్కుని ఆ ఆట రాళ్లనే ఏరుకొచ్చి, కుండలో మొక్కజొన్నతో కలిపి ఉడకేశారు. పిల్లలు ఆకలేసి రాగానే గరిటెతో రాళ్లు తీసి వడ్డించారు. ‘ఇవే తినండి.’

పిల్లలకి రోషం పొడుచుకొచ్చింది. ‘మనం వీళ్లకి బరువైపోయాంరా. వీళ్లు మనల్ని ఎప్పటికీ విసుక్కోలేని చోటికి పోదాం’ అనుకుని, ఊరి సావిడి చుట్టూ తిరుగుతూ ఆడటం మొదలెట్టారు. ఆడీ ఆడీ కాళ్లు నేల విడిచాయి. తల్లులు గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చేసరికి పిల్లలు చూరు దాటేశారు. ఒక్క తల్లికి మాత్రం అక్కడే పడున్న ఆట కర్ర చేతికి అందింది. కొడుకు నడుముకి తగిలించి బలంకొద్దీ లాగింది. లాగిన విసురుకి వాడు నేలకి కొట్టుకుని, అలాగే లోపలికి దిగబడిపోయాడు. పైన మట్టి మూసుకుపోయింది.

మిగతా ఆరుగురూ పైకెళ్లి చుక్కలయ్యారు. మనం పిల్లలకోడి అంటామే, కృత్తికలు, ఆ గుంపే. మన కథలో ఆ ఆరుగురూ కుమారస్వామికి తల్లులు. వాళ్ల కథలో ఆ ఆరుగురూ కొడుకులు. అదేం చిత్రమో.

ఆరుగురు తల్లులు చీకటిపడగానే తలెత్తి చూసుకునేవాళ్లు. ఏడో తల్లికి తల దించుకోవడమే మిగిలింది. రోజూ అక్కడికే వచ్చి ఏడ్చేది. ఆ చోటు తడి ఆరనివ్వలేదు. ఆ తడిలోంచి ఓ పచ్చటి మొలక వచ్చింది. అదే మొదటి పైన్ చెట్టు. అందుకే పైన్ చెక్క నిప్పు తగలగానే భగ్గుమంటుందిట. అందులో ఉన్నదీ చుక్కల వెలుగేనట.

ఇదీ కథ. ఇప్పుడు ఆర్లీన్ సంగతి.

ఆర్లీన్ డెల్లా తల్లి. డెల్లాకి వేలన్ అని తమ్ముడుండేవాడు. సెల్ టవర్లు ఎక్కే పని దొరికింది వాడికి. ఊళ్లో కుర్రాళ్లు కొందరు అప్పటికే చేస్తున్నారు. “మబ్బుల్లో కూచుని శాండ్‌విచ్ తింటానక్కా. కింద నువ్వు చీమలా కనబడతావు. ఇప్పుడూ అంతే అనుకో” అని ఏడిపించేవాడు. బయల్దేరే రోజుకి డెల్లా ఇంకా కాలేజీలోనే ఉంది. వాడు ట్రక్కు వెనక ఎక్కి కూర్చున్నాడు. ట్రక్కు కదిలింది. ఆర్లీన్ పిండి చేతులతో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. “అంత ఎత్తు నుంచి పడితే నాకు ఎముక కూడా దక్కదురా” అంటూ వాడి బెల్టు పట్టుకుని కిందికి గుంజేసింది. ట్రక్కులో వాళ్లు పగలబడి నవ్వారు. వాడూ నవ్వాడు, సిగ్గుపడుతూ. ట్రక్కు వెళ్లిపోయింది. వాడు ఉండిపోయాడు.

ఆ చలికాలమే, పాల డబ్బా తేవడానికి వెళ్తూ, ఇంటి ఎదురుగా వంతెన మీద మంచుకి బండి జారి ఏట్లో పడ్డాడు.

టవర్లెక్కిన వాళ్లలో ఒక్కడికి గోరు కూడా చిట్లలేదు.

వాణ్ణి పూడ్చిపెట్టిన రోజున డెల్లా అందరి ముందూ తల్లితో అంది, “నువ్వు లాగకపోతే బతికేవాడు.” డెల్లా అప్పట్నుంచి ఆ ఇంటి గడప తొక్కలేదు. ఏటి వైపు కూడా వెళ్లలేదు. రెండేళ్లయింది.

“మొహం మార్చు” అంది ఏగీ అవ్వ.

“మార్చను. కథలో ఉన్నదే గీశా.”

“కథలో మొహం లేదు. మొహం నువ్వు తెచ్చావు.”

“పోనీ, లాగింది అబద్ధమా? పోయాడన్నది అబద్ధమా? మిగతా ఆరుగురూ వదిలేశారు, వాళ్ల పిల్లలు ఇవాళ్టికీ పైన వెలుగుతున్నారు. ఇదొక్కత్తీ లాగింది. నేల పాలు చేసింది!” డెల్లా బొమ్మని అవ్వ ముందుకి తోసింది. “అలాంటిదాన్ని చూసి పిల్లలు జడుసుకోవాలి. జడుసుకోనీ.”

అవ్వ చాకు పక్కన పెట్టింది. ఆవిడ చాకు పక్కన పెట్టడం డెల్లా అంతకుముందు చూడలేదు.

“ఈ మొహంతో అయితే నా కథ నాకిచ్చెయ్యి. పుస్తకం వద్దు, ఏం వద్దు.”

“అవ్వా! మూడు చలికాలాల పని!”

“నాలుగోది కూడా వస్తుందిలే. ఇవాళ ఇక్కడే పడుకో. తగువు నోట్లో పెట్టుకుని ఇంటికి పోకూడదు. పొద్దున్నే నీళ్లకి పోదాం.”

నీళ్లకి పోవడమంటే వాళ్లలో ఓ ఆచారం. తెల్లవారుతుండగా ఏటికెళ్లి నీళ్లు నెత్తిన చల్లుకుంటారు. మనసుకి అడ్డంపడ్డది ఏదైనా ఉంటే ఏరు పట్టుకుపోతుందని.

“నేను ఏటికి రాను. నీకు తెలుసు.”

“తెలుసు. నాకు ఈ వయసులో తోడు లేకుండా అడుగు పడదు. అది నీకూ తెలుసు” అని, అవ్వ దుప్పటి ముసుగుపెట్టేసింది. ఇక ఆవిడతో వాదించేదేముంది.

పొద్దున్న ఏటి దగ్గర చలి కొరికేస్తోంది. ఒడ్డున రాళ్ల మీద మంచు పొర అద్దంలా ఉంది. నీళ్ల చప్పుడు చెవిన పడగానే డెల్లా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అవ్వ ఆమె వైపు చూడకుండా తను ఎప్పుడూ నిలబడే బల్లపరుపు రాయి మీదికి ఎక్కింది. వంగి, దోసిలి పట్టబోయింది.

కాలు జారింది.

డెల్లా ఎప్పుడు కదిలిందో ఆమెకే తెలియదు. అవ్వ మణికట్టు ఆమె గుప్పిట్లో ఉంది. బలంకొద్దీ వెనక్కి లాగేసింది. వెదురు బద్ద విరిగినట్టు టక్‌మని ఓ చప్పుడు వినబడింది. ఇద్దరూ గులకరాళ్ల మీద వెల్లకిలా పడ్డారు.

ఏగీ అవ్వ మొహం సున్నం కొట్టినట్టయిపోయింది. పళ్లు బిగబట్టి, వేలాడుతున్న చేతిని ఒళ్లోకి లాక్కుని, కాసేపు ఊపిరి మాత్రమే పీల్చుకుంది. తర్వాత, చాలా మామూలుగా, పొద్దున్న ఏం తిన్నావు అని అడిగినట్టుగా అడిగింది.

“ఎందుకు లాగావు?”

“ఎందుకేంటవ్వా! పోతావు!”

“చెయ్యి విరిగింది.”

“నేను... అది చూసుకోలేదవ్వా. అంత ఆలోచన ఎక్కడుంది? చెయ్యి దానంతటదే...”

అక్కడ ఆగిపోయింది డెల్లా. ఏరు మాత్రం ఆగకుండా పోతోంది. అవ్వ మెల్లగా లేచి, “పద, చలేస్తోంది” అంది.

బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ రాయి మీదే నిలబడుతున్న మనిషి, ఆ రోజే ఎలా జారిందో డెల్లా అడగలేదు. ఆవిడా చెప్పలేదు. డాక్టరు కట్టు కట్టాడు. ముసలి ఎముక, పాత పట్టు రావడం కష్టమన్నాడు. సగంలో ఉన్న బుట్ట గోడకి ఆనించి అలాగే ఉంది. డెల్లా దాని వైపు వీపు పెట్టి కూర్చునేది. ఓ రోజు సాయంత్రం బొమ్మ తీసి చంకలో పెట్టుకుని బయల్దేరింది. ఎక్కడికని అవ్వ అడగలేదు. “వంతెన మీద చూసి నడువు” అంది, అంతే.

ఆర్లీన్ తలుపు తీసింది. కూతుర్ని చూసింది. పక్కకి తప్పుకుని దారిచ్చింది. లోపల మొక్కజొన్న పిండిలో చిక్కుడు గింజలు కలిపి ఆకుల్లో చుడుతోంది. వేలన్‌కి ఇష్టమైన రొట్టె. టవర్ల కుర్రాళ్లు సెలవుకి వచ్చారట, వాళ్లకి పంపడానికి.

“అవ్వకి చెయ్యి విరిగిందటగా?” అంది ఆర్లీన్. రెండేళ్లలో తల్లి నోటి నుంచి మొదటి మాట అది.

“ఊఁ.”

“పడిందా?”

“పడబోయింది. నేను లాగా.”

ఆకు చుడుతున్న చేతులు ఆగాయి.

“లాగకపోతే ఏట్లో పోయేది” అంది ఆర్లీన్. అని, తనన్న మాట తనకే వినబడినట్టు, గబుక్కున అటు తిరిగి పొయ్యిలోకి పైన్ పేడు ఒకటి తోసింది. భగ్గుమంది. వంటిల్లంతా ఒక్కసారి పట్టపగలయింది.

ఆ వెలుగులో డెల్లాకి తల్లి కుడి చెయ్యి కనబడింది. చూపుడు వేలు మధ్య కణుపు దగ్గర పక్కకి వంగిపోయి ఉంది.

“ఆ వేలేంటి?”

“ఏముందీ. వాడి బెల్టులో ఇరుక్కుంది, అప్పుడు. సరిగ్గా అతుక్కోలేదు.”

“నాకు చెప్పలేదే?”

“నువ్వు వచ్చావా?”

ఆర్లీన్ ఆకు ముడి వేస్తూ అంది, “కట్టు వాడే కట్టాడు. కోపంగా ఉన్నాడేమో అనుకున్నా. నవ్వుతున్నాడు. ‘ఇంత బలం పెట్టుకుని వంటింట్లో ఏం చేస్తున్నావే అమ్మా, నువ్వే ఎక్కెయ్యి టవర్లు’ అన్నాడు.”

ఆవిడ నవ్వబోయింది. పెదవి ఒక పక్కకి లాక్కుపోయింది. బొమ్మలో డెల్లా గీసిన పెదవే అది. మొండితనం అనుకుని గీసింది.

డెల్లా కొత్త కాగితం తీసింది. “నీ చేతులు గీసుకుంటా.”

“ఈ పిండి చేతులా? ఉండు, కడుక్కోనీ.”

“వద్దమ్మా. అలాగే ఉండనీ. ఏదైనా పట్టుకో, పొడుగాటిది.”

ఆర్లీన్ పొయ్యి ఊచ తీసుకుంది. “ఎలా పట్టుకోను?”

డెల్లా తల దించుకుని పెన్సిల్ వైపు చూస్తూ అంది, “వాణ్ణి ఎలా పట్టుకున్నావో, అలా.”

ఆర్లీన్ పట్టుకుంది. వేలి కణుపులు తెల్లబడ్డాయి. భుజాలు ముందుకొచ్చాయి. వంకర వేలు మిగతా వేళ్లతో కలవలేక పక్కన ఒంటరిగా బిగుసుకుంది. డెల్లా గీస్తూ పోయింది. గీత అలుక్కుపోతే తుడుచుకుని మళ్లీ గీసింది.

బొమ్మ అయిపోయింది. డెల్లా పెన్సిల్ కింద పెట్టింది.

ఆర్లీన్ ఊచ వదల్లేదు.

“అయిపోయిందమ్మా. ఇంక వదులు.”

వదల్లేదు.

డెల్లా లేచి వెళ్లి ఆ వేళ్లని ఒక్కొక్కటే విడదీసింది. వంకర వేలు అన్నిటికంటే చివర వచ్చింది.

మర్నాడు ఏగీ అవ్వ బొమ్మని ఎడం చేత్తో ఎత్తి, కిటికీ దగ్గర పెట్టుకుని చూసింది. అందులో మొహం లేదు. వెనక నుంచి చూస్తున్నట్టు ఒక తల, జారిన జుట్టు, రెండు చేతులు, వాటి మధ్య కర్ర. కర్ర చివర ఏముందో కాగితం బయట ఉండిపోయింది. పైన ఆరు చుక్కలు. అవ్వ బొమ్మలోని వంకర వేలి మీద తన వేలు పెట్టి కాసేపు అలా ఉంచింది. తర్వాత గోడకున్న సగం బుట్టని కాలితో డెల్లా వైపు జరిపింది.

డెల్లా కూర్చుని బద్ద అందుకుంది. అల్లుతూ అల్లుతూ, ఇక ఆపుకోలేక అడిగింది.

“అవ్వా, మరి లాగడం తప్పా, కాదా? కథ ఏమంటుంది?”

ఏగీ అవ్వ కట్టు చేతిని ఒళ్లో సర్దుకుంది.

“కథ ఏమీ అనదే. కర్ర చేతికిచ్చి పక్కకి తప్పుకుంటుంది.”

ఆ పుస్తకంలో ఆఖరి పేజీ అదే. బొమ్మ కింద ఒక్క మాట కూడా లేదు.

ఇంతదాకా విన్నారు కదా. ఇప్పుడు ఆ కర్ర మీ చేతిలో ఉంది. మీవాడి కాళ్లు నేల విడిచాయి, చూరు దాటుతున్నాడు. ఏం చేస్తారు?